ఆ ప్రసంగం నమ్మొచ్చా? పైసలు పంపకముందే పరీక్షించుకునే పద్ధతి

హన్మకొండలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకు పాఠం చెప్తాను. ఈ రెండు పనుల వల్ల ఒకే ప్రశ్న వారానికి మూడు నాలుగు సార్లు నా దగ్గరికి వస్తుంది. ఆధార్ జిరాక్స్ కోసం వచ్చిన అక్క ఫోన్‌లో ఒక బోధకుడి ప్రసంగం చూపించి, "అన్నా, గీయన చెప్పేది నిజమేనా? పైసలు పంపమంటున్నడు, పంపాల్నా?" అని అడుగుతుంది. అందరికీ కౌంటర్ దగ్గర నిలబడి చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

నేను పాస్టర్‌ని కాదు, బైబిల్ కాలేజీ ముఖం చూడలేదు. పదో తరగతి చదివిన ఎవరైనా చేయగలిగిందే ఇది. "దైవజనుల్ని పరీక్షించడం పాపం కాదా?" అని ముందే అడిగేవాళ్ళు అపొస్తలుల కార్యములు 17:11 తీయండి. బెరయ ఊరివాళ్ళు అపొస్తలుడైన పౌలు చెప్పింది విని, అది నిజమా కాదా అని రోజూ లేఖనాలు తీసి చూసుకున్నారు. పౌలంతటివాడు చెప్పినా సరే చూసుకున్నారు. ఆ పుస్తకం రాసిన లూకా వాళ్ళను తిట్టలేదు, ఘనులని మెచ్చుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి, లేకపోతే వీడు ఊరికే నీతులు చెప్తున్నాడు అనుకుంటారు. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు మా అత్తమ్మను ఆసుపత్రిలో పెట్టినప్పుడు, రాత్రి పదకొండుకు ఒక బోధకుడి లైవ్ చూస్తూ "విత్తన కానుక" అని, అంటే విత్తనంలా ఇస్తే దేవుడు ఎక్కువగా తిరిగిస్తాడనే కానుక, 5,000 పంపాను. అత్తమ్మ కోలుకుంది. నేను ఆ 5,000 వల్లే అనుకుని తర్వాత రెండుసార్లు 3,000 చొప్పున పంపాను, అవి పిల్లల ఫీజు కోసం తీసిపెట్టిన పైసలు. మా ఆవిడ ఫోన్‌లో లెక్క చూసి ఒకటే మాట అంది. "పన్నెండు రోజులు ఆక్సిజన్ పెట్టి చూసిన డాక్టర్‌కు ఒక్క థ్యాంక్స్ చెప్పలే, మొఖం తెలువని గాయనకు మాత్రం మూడుసార్లు పంపినవ్." ఆ రోజు నుంచి మొదలైంది ఈ నోటుబుక్కు పద్ధతి.

కావలసినవి

కాగితం బైబిల్ ఒకటి. ఫోన్‌లో ఉన్నది వద్దు, ఎందుకంటే ఫోన్‌లో వెతికిన ఒక్క వచనం దగ్గరే చూపు ఆగిపోతుంది, కాగితం మీదైతే దాని పైదీ కిందదీ కళ్ళ ముందు ఉంటాయి, మధ్యలో ఎవరి మెసేజూ రాదు. పాత అనువాదం గ్రాంథికంగా ఉండి అర్థం కాకపోతే తేలిక భాషలో ఉన్న అనువాదం పక్కన పెట్టుకోండి.

ఒక లాంగ్ నోటుబుక్కు, పెన్ను.

మీకు "వద్దు" అని చెప్పగలిగే ఇద్దరు మనుషులు. ఒకరు ఇంట్లోవాళ్ళు, ఇంకొకరు ఆ బోధకుడి గుంపులో లేనివాళ్ళు అయితే మంచిది.

ఫోన్‌పేలోనో గూగుల్ పేలోనో గత మూడు నెలల లెక్క.

ఒక రాత్రి సమయం.

గ్రీకు, హీబ్రూ అక్కర్లేదు. "ఫలానా పాస్టర్ బండారం బయటపెట్టాం" అనే ఛానళ్ళు అసలే అక్కర్లేదు. వాళ్ళు బతికేది కూడా మన చూపుల మీదే.

1. ఒక రాత్రి ఆగండి

విన్న రోజు పైసలు పంపొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు, మొక్కుబడి చేసుకోవద్దు. తెల్లారి చేయండి. మంచి మాట తెల్లారేసరికి పులిసిపోదు. "ఈ రాత్రి పన్నెండు లోపు", "మొదటి వంద మందికే ఈ అభిషేకం", "ఇది పది మందికి పంపకపోతే దుర్వార్త వింటావు" అనే మాట వినబడితే ఒక రాత్రి కాదు, మూడు రాత్రులు ఆగండి. భూములు అమ్మేవాళ్ళు అడ్వాన్స్ కోసం తొందరపెట్టినట్టు దేవుడు తొందరపెట్టడు.

పంపాల్సిందే అని మనసు ఆగకపోతే ఆ మొత్తాన్ని ఒక కవర్లో పెట్టి బైబిల్లో పెట్టండి. తర్వాతి మెట్లన్నీ అయ్యాక కూడా పంపాలనిపిస్తే ఆ కవరు ఎక్కడికీ పోదు.

2. ఆయన చెప్పింది ఒక్క వాక్యంలో రాయండి

తేదీ వేసి మూడు సంగతులు రాయండి: ఏం చెప్పాడు, నన్ను ఏం చేయమన్నాడు, ఎప్పటిలోగా ఏం జరుగుతుంది అన్నాడు. పాటలు, కన్నీళ్ళు, వెనక వాయించే కీబోర్డు ఇవన్నీ తీసేసి రాయాలి.

సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. గంటంబావు ప్రసంగం విన్న ఒక అక్క నా కౌంటర్ మీద నోటుబుక్కు పెట్టి రాసింది: "నేను 1,500 పంపితే నా కొడుక్కు మూడు నెలల్లో గవర్నమెంట్ ఉద్యోగం వస్తది." రాసి, చదివి, తనే నవ్వింది. విన్నప్పుడు ఏడ్చిన మాటే అది.

రాయడానికి ఏమీ దొరక్కపోతే అది కూడా రాయండి. "గంట విన్నాను, ఏం చెప్పాడో గుర్తు లేదు, మంచిగ అనిపించింది." అది తప్పని కాదు, కానీ మంచిగ అనిపించడం, నిజం కావడం రెండూ ఒకటి కావు.

3. వచనం కాదు, అధ్యాయం మొత్తం చదవండి

ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఆయన చెప్పిన రిఫరెన్స్ తీసి, ఆ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చదవండి, వీలైతే దాని ముందుది కూడా. చదువుతూ మూడు ప్రశ్నలకు జవాబు రాయండి: ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, అప్పుడు వాళ్ళ పరిస్థితి ఏంటి, ఈ వచనానికి ముందూ వెనకా ఏముంది.

అలవాటు కావడానికి మీకు బాగా తెలిసిన వచనంతోనే మొదలుపెట్టండి. యిర్మీయా 29:11. మన ఇళ్ళల్లో క్యాలెండర్ మీద, పెళ్ళి కార్డు మీద, ఆటో వెనక అద్దం మీద ఉండే మాట, "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." కొత్త సంవత్సరం వాగ్దానం కార్డుల కోసం నేనే ఎన్ని వందలు ప్రింట్ తీశానో లెక్క లేదు. ఈ అధ్యాయం బబులోనుకు చెరగా పోయినవాళ్ళకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరం. ఇప్పుడు దాని పైనున్న 10వ వచనం చదవండి. బబులోనులో 70 సంవత్సరాలు గడిచాక అని ఉంటుంది. అంటే ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది తిరిగి ఊరు చూడకుండానే చచ్చిపోతారు. ఇంకా పైకి వెళ్తే 5, 6, 7 వచనాల్లో ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, మిమ్మల్ని చెరపట్టిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని ఉంటుంది. మూడు నెలల్లో ఉద్యోగం అనే మాటకు ఇది ఎంత దూరమో చూడండి.

ఇప్పుడు ఒక అధ్యాయం వెనక్కి వెళ్ళండి. 28లో హనన్యా అనే ప్రవక్త ఉంటాడు. రెండేళ్ళలో దేవుడు బబులోను కాడి విరగ్గొడతాడు, అందరూ తిరిగొస్తారు అని గుడిలో, జనం ముందు చెప్తాడు. యెహోవా పేరు మీదే చెప్తాడు. బబులోనుకు లొంగాలని చెప్పడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని లాగి విరగ్గొట్టి చూపిస్తాడు కూడా, అంత బాగా రక్తి కట్టిస్తాడు. జనానికి నచ్చే మాట ఎవరిది? హనన్యాదే. 70 ఎవరికి కావాలి, రెండేళ్ళన్నవాడే ముద్దు. హనన్యా అదే సంవత్సరం ఏడో నెలలో చనిపోయాడు. జనం తిరిగి రావడానికి యిర్మీయా చెప్పినంత కాలం పట్టింది. ఈ రెండు అధ్యాయాలు కలిపి చదివినవాళ్ళకు నేను వేరే ఏం చెప్పక్కర్లేదు.

వచనం కత్తిరించడం కొత్త విద్య కాదు. మత్తయి 4:6లో అపవాది, అంటే సాతాను, యేసుకే వాక్యం చెప్తాడు, అదీ 91వ కీర్తన నుంచి. దేవుడి దూతలు నిన్ను ఎత్తుకుంటారు, గుడి శిఖరం మీంచి దూకు అంటాడు. కీర్తన తీసి 11వ వచనం పక్కన పెట్టి చూడండి. "నీ మార్గములన్నిటిలో నిన్ను కాపాడుటకు" అనే ముక్క అపవాది నోట్లోంచి రాలేదు. యేసు ఇంకో వాక్యంతోనే జవాబిచ్చాడు, ద్వితీయోపదేశకాండము 6:16. కాబట్టి "ఆయన బైబిల్ నుంచే చెప్తున్నాడు కదా అన్నా" అనేది నాకు జవాబు కాదు.

ఇంట్లో కూర్చుని ఇంకో రెండు చేసి చూడండి. ఫిలిప్పీయులకు 4:13, సమస్తమూ చేయగలను అనేది, దాని పైన 12లో ఆకలి గురించి ఏముందో చూడండి. కీర్తన 105:15, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు" అనేది, ఆ కీర్తన మొదటి నుంచి చదివితే ఎవరి గురించో తెలుస్తుంది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి దేశాల్లో తిరుగుతుంటే రాజులు వాళ్ళకు కీడు చేయకుండా దేవుడు ఆపిన సంగతి అది. కానుకల లెక్క అడిగిన సంఘస్థుడి నోరు మూయించడానికి రాసింది కాదు.

4. పైసలు ఎటు పోతున్నాయో చూడండి

ముందు ఒక మాట. సేవకుడికి ఇవ్వడం తప్పు కాదు. సువార్త ప్రకటించేవాళ్ళు సువార్త వల్లే బతకాలని 1 కొరింథీయులకు 9:14లోనే ఉంది. పరకాల అవతలి ఊళ్ళల్లో పాత బండి మీద తిరుగుతూ, నెలకు వచ్చే కానుక పెట్రోలుకే చాలని పాస్టర్లు నాకు తెలుసు. ఈ పద్ధతి చదివి వాళ్ళకిచ్చే వందా రెండొందలు ఆపేస్తే నా రాత తప్పుదారి పట్టినట్టే.

చూడాల్సింది ఇవి. ఖాతా ఎవరి పేరు మీద ఉంది? యూపీఐలో పంపే ముందు పేరు కనబడుతుంది, పోస్టర్ మీద ఒక పేరు, అక్కడ ఇంకో పేరు ఉంటే ఆగిపోండి. లెక్క ఎవరైనా చదివి వినిపిస్తారా? ట్రెజరర్ ఆయన భార్యో బావమరిదో కాకుండా వేరే మనిషేనా? ఇంత ఇస్తే ఇంత వస్తుంది అని రేటు చెప్తున్నాడా? నూనె సీసాకో జేబురుమాలుకో ధర పెట్టాడా?

"పౌలు లెక్క చూపించాడా?" అని ఒకాయన నన్ను గట్టిగా అడిగాడు. చూపించే ఏర్పాటు చేశాడు. 2 కొరింథీయులకు 8:19 నుంచి 21 దాకా చదవండి. చందా తీసుకెళ్ళేటప్పుడు సంఘాలే ఎన్నుకున్న మనిషి వెంట ఉన్నాడు, ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుడి దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలోనూ సరిగ్గా ఉండాలని. పక్క పేజీలోనే 9:7 ఉంటుంది, సణుక్కుంటూ, బలవంతంగా ఇవ్వొద్దని. బలవంతం అంటే గల్లా పట్టుకోవడం ఒక్కటే కాదు, పేర్లు మైకులో చదవడం కూడా.

రేటు పెట్టేవాళ్ళ సంగతికి 2 రాజులు 5వ అధ్యాయం చాలు. కుష్ఠు ఉన్న సేనాధిపతి నయమాను బాగుపడి వెండి బంగారాలు ఇస్తానంటే ఎలీషా ప్రవక్త ముట్టలేదు. వెనకాల ఆయన పనివాడు గేహజీ పరుగెత్తి అబద్ధం చెప్పి వెండీ బట్టలూ తెచ్చుకున్నాడు. నయమాను కుష్ఠు అతనికి పట్టుకుంది.

మా అమ్మమ్మ వంటకు బియ్యం పోసేటప్పుడు పిడికెడు తీసి డబ్బాలో వేసేది, ఆదివారం గుడికి తీసుకెళ్ళేది. ఎవరి పేరూ మైకులో రాలేదు, ఎవరికీ ఉద్యోగం వస్తుందని చెప్పలేదు.

హెచ్చరిక: ఈమధ్య పేరున్న బోధకుల ఫొటో, గొంతు దొంగిలించి కంప్యూటర్‌తో వీడియోలు చేసి, కింద వేరే నంబర్ పెడుతున్నారు. ఆయన మంచివాడే కావచ్చు, నంబర్ ఆయనది కాకపోవచ్చు. ఆ సంఘానికి పాతనుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడిగాకే పంపండి. "మీకే డబ్బు వస్తుంది, పిన్ కొట్టండి" అంటే అది మోసమే, పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు. ఇప్పటికే పోయి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మేలు. అయితే మనం ఇష్టపడి ఇచ్చిన కానుక వేరు, దానికి 1930 పనికిరాదు, నా 11,000 అలా పోయినవే.

5. యేసు ఎక్కడున్నాడు, తేదీ ఎక్కడుంది

ఇది చిన్న మెట్టు. మీరు రాసుకున్న దాంట్లో యేసు పేరు తీసేసి బోధకుడి పేరు పెట్టి చదవండి. తేడా రాకపోతే ప్రమాదం. "నా దగ్గరికి రండి, నా చేతి నూనె, నాకు చూపించిన దర్శనం, బైబిల్లో లేనిది నాకు చెప్పాడు" అంటుంటే గలతీయులకు 1:8 చూడండి, పరలోకం నుంచి వచ్చిన దూత చెప్పినా వేరే సువార్త వద్దన్నాడు పౌలు.

యేసు రెండో రాకడకు తేదీ చెప్తే ఇంక పరీక్ష కూడా అక్కర్లేదు, మత్తయి 24:36 చాలు. అమెరికాలో విలియం మిల్లర్ బోధ నమ్మినవాళ్ళు 1844 అక్టోబర్ 22న ఎదురుచూశారు. హెరాల్డ్ క్యాంపింగ్ రేడియోలో 2011 మే 21 అన్నాడు, అది దాటాక అక్టోబర్ 21 అన్నాడు. అక్టోబర్ 21 కూడా దాటింది.

6. అడిగితే ఏం చేస్తాడు?

యేసు చెప్పింది ఫలాలు చూడమని, మత్తయి 7:16. చిక్కేంటంటే రీల్‌లో పువ్వే కనబడుతుంది, పండు కనబడదు. ఇంట్లో భార్యతో ఎలా మాట్లాడతాడో, అప్పు తీసుకుంటే తీరుస్తాడో లేదో, బీదవాడి ఇంటికీ కాంట్రాక్టర్ ఇంటికీ ఒకేలా వెళ్తాడో లేదో ఫోన్‌లో తెలియదు. అందుకే మన గల్లీలో ఉండి, మన సావుకూ పెళ్ళికీ వచ్చే పాస్టర్ మాట కొంచెం నత్తినత్తిగా ఉన్నా నేను ముందు ఆయన దగ్గరికే వెళ్తాను.

దగ్గరున్నవాళ్ళైతే ఒక ప్రశ్న అడగండి. తప్పుపట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. నేను అడిగే తీరు ఇది: "అయ్యగారూ, వందనాలండి. మొన్న యిర్మీయా 29 చెప్పిన్రు గదా, పైన 70 ఏండ్లని ఉన్నది, అది నాకు సమజ్ కాలే, జర చెప్తరా?" మంచి పాస్టర్ అయితే బైబిల్ తీస్తాడు, కొందరైతే "అవును తమ్మీ, నేనది చెప్పాల్సింది" అంటారు. "నీకు ఆత్మ లేదు, అందుకే ప్రశ్నలు" అని మొదలుపెడితే ఆ జవాబు తేదీతో సహా నోటుబుక్కులో రాసుకోండి. పేతురంతటివాడిని పౌలు ముఖాముఖి ఎదిరించాడు, గలతీయులకు 2:11, పేతురు శపించినట్టు అక్కడ లేదు.

7. మందులు ఆపమంటే అక్కడే లేవండి

దీనికి ఒక రాత్రి ఆగక్కర్లేదు. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ, మానసిక సమస్యల మందులు విశ్వాసంతో ఆపేయమని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద మైదానంలో చెప్పినా, వినొద్దు. స్వస్థత కోసం ప్రార్థించండి, నేనూ ప్రార్థిస్తాను. కానీ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. తన శిష్యుడు తిమోతి కడుపు జబ్బుకు పౌలు ద్రాక్షారసం కొంచెం పుచ్చుకో అన్నాడు. తన వెంట తిరిగిన త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో వదిలి వచ్చానని తనే రాశాడు, 2 తిమోతి 4:20. నీకు విశ్వాసం తక్కువ అని తిట్టలేదు.

బాగయ్యింది అనిపిస్తే ఏం చేయాలి? యేసు పదిమంది కుష్ఠురోగులకు వెళ్ళి యాజకులకు కనబరచుకోండి అన్నాడు, లూకా 17:14. ఆ కాలంలో బాగయ్యిందని తేల్చేది వాళ్ళే. మన కాలంలో ల్యాబ్ రిపోర్టు, డాక్టర్. ముందు పరీక్ష, తర్వాత సాక్ష్యం. మందు తగ్గించాలా వద్దా చెప్పాల్సింది డాక్టరే.

8. ఇప్పుడు నోటుబుక్కు మనవైపు తిప్పండి

ఇది ఎవరికీ ఇష్టం ఉండదు, నాకూ లేదు. గాలానికి ఎర లేకపోతే చేప రాదు, ఆ ఎర మనకు నచ్చేదే అయి ఉంటుంది. యాకోబు 1:14లో ప్రతివాడూ తన సొంత దురాశ చేతనే ఈడ్వబడతాడని ఉంది. నా 11,000 లాక్కున్నది ఆ బోధకుడే అని చాలా రోజులు తిట్టుకున్నాను, కానీ భయంలో ఉన్న నాకు దేవుణ్ణి కొనుక్కునే దారి కావాల్సి వచ్చింది, ఆయన అమ్మాడు.

కొత్త పేజీలో మూడు నిలువు గీతలు కొట్టండి. 1 యోహాను 2:16లో ఉన్న మూడు పేర్లు పైన రాయండి: శరీరాశ, నేత్రాశ, జీవపుడంబం. మూడు నెలల యూపీఐ లెక్క, ఫోన్‌లో ఏ యాప్ ఎన్ని గంటలు వాడానో చూపే సెట్టింగు, రెండూ ముందు పెట్టుకుని దేని కింద ఏది వస్తుందో రాయండి. ప్రార్థనలో "ప్రభువా నేను పాపిని" అనడం తేలిక, "రాత్రి పన్నెండు నుంచి రెండు దాకా రీల్స్" అని రాయడం కష్టం.

మన దగ్గర సీజన్లు కూడా చూసుకోవాలి. ఏనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మి పైసలు చేతికొచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే నా షాపుకు అన్ని రకాల పాంప్లెట్లు ఎక్కువ వస్తాయి: సభలవి, ప్లాట్లవి, ఏడాదిలో రెట్టింపు అనే స్కీములవి. ఐపీఎల్ వస్తే బెట్టింగ్ యాప్‌లు. మన రాష్ట్రంలో ఆన్‌లైన్ పందేలు 2017 నుంచే నిషేధం, అయినా ఆదివారం గిటార్ వాయించే పిల్లగాడే సోమవారం పందెం కాసి లోన్ యాప్‌లో పడ్డ సంగతి నా కళ్ళ ముందు జరిగింది. ఆ యాప్ గురించి మందిరంలో ఎవరూ ప్రసంగం చెప్పలేదు. తప్పుడు బోధకుడికి తెల్ల బట్టలే ఉండాలని లేదు, "ఈజీగా రోజుకు రెండు వేలు" అని చెప్పే ఇన్‌ఫ్లుయెన్సర్ కూడా బోధకుడే, వాడి మాటకూ రెండో మెట్టు చేయండి.

చేయాల్సినవి చిన్నవే. ఫోన్ రాత్రి పడుకునే గదిలో కాకుండా వంటింట్లో చార్జింగ్ పెట్టండి. ఒక మొత్తం అనుకోండి, మా ఇంట్లో వెయ్యి, దాని మీద ఎంత పోయినా, అది కానుకైనా చిట్టీ అయినా, భార్యాభర్తలిద్దరికీ తెలిసే పోవాలి. పడిపోయే వేళ ఏదో మీకు తెలుసు, ఆ వేళకు ఎవరో ఒకరికి ఫోన్ చేసే ఒప్పందం పెట్టుకోండి. గెత్సేమనే తోటలో యేసు శిష్యులను మెలకువగా ఉండి ప్రార్థన చేయమని చెప్పింది ఊరికే కాదు, వాళ్ళకు నిజంగానే నిద్ర వస్తోంది.

9. తప్పని తేలితే ఎవరికి చెప్పాలి

వాట్సాప్ గ్రూపులో వేయొద్దు. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆయనతో ఒంటరిగా, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, అప్పుడు సంఘ పెద్దల ముందు. పెద్ద మీద ఆరోపణ అయితే ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలని 1 తిమోతి 5:19 అంటుంది, అంటే విన్న మాట కాదు, చూసింది, కాగితం మీద ఉన్నది. నోటుబుక్కు ఇక్కడ పనికొస్తుంది.

ఒక్క మినహాయింపు. ఆడపిల్లల మీద, చిన్నపిల్లల మీద చేయి వేసిన విషయమైతే ఒంటరిగా మాట్లాడడాలు, సంఘంలో సర్దుకోవడాలు ఏమీ లేవు. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్ళండి, 100కో 112కో ఫోన్ చేయండి. పిల్లలైతే 1098 కూడా ఉంది.

ఎక్కువగా చేసే తప్పులు

"అద్భుతం జరిగింది కాబట్టి నిజమే" అనుకోవడం. నేను చేసిన తప్పే. ద్వితీయోపదేశకాండము 13 మొదటి మూడు వచనాలు చదవండి, చెప్పిన సూచన జరిగినా సరే వేరే దేవుళ్ళ వెనక పోదాం అంటే వినొద్దని ఉంది.

వేరే సంఘాన్ని తప్పుడు బోధ అనేయడం. కాజీపేట ఫాతిమానగర్ కేథడ్రల్‌కు వెళ్ళే కేథలిక్కులున్నారు, 1912లో అజరయ్య గారు బిషప్‌గా మొదలైన డోర్నకల్ డయాసిస్‌లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్ళున్నారు, అమెరికన్ మిషనరీల కాలం నుంచీ హన్మకొండలో బాప్టిస్టులున్నారు, గల్లీకో పెంతెకోస్తు మందిరం ఉంది. నీళ్ళు చల్లాలా ముంచాలా, చప్పట్లు కొట్టాలా వద్దా, తెల్ల చీరే కట్టాలా, బొట్టూ నగలూ, వీటి మీద వాదించుకోండి, కానీ దాన్ని హనన్యా లెక్కలో వేయకండి.

పక్కవాళ్ళ పాస్టర్‌నే పరీక్షించడం. మొదటి పేజీ మన మందిరంలో పోయిన ఆదివారం విన్న ప్రసంగంతోనే మొదలుపెట్టాలి. నా సండే స్కూల్ పాఠాన్ని కూడా పిల్లలతో ఇలాగే పరీక్షింపజేస్తాను, ఒకసారి నోవహు ఓడ కొలతలు తప్పు చెప్పి దొరికిపోయాను.

ఒకడు మోసం చేశాడని అందరూ దొంగలే అని ఇంట్లో కూర్చోవడం. మంద నుంచి విడిపడిన గొర్రె దగ్గరికే తోడేలు ముందు వచ్చేది.

ఫలితం ఎలా చూసుకోవాలి

మూడు నెలలకు ఒకసారి, ఏదో ఒక శనివారం సాయంత్రం, నోటుబుక్కు వెనక్కి తిప్పండి. తేదీతో రాసిన ప్రవచనాల పక్కన జరిగిందా లేదా రాయండి. ద్వితీయోపదేశకాండము 18:22 చెప్పే పరీక్ష ఇదే, రాసిపెట్టకపోతే ఎవరూ చేయలేరు, ఎందుకంటే నిజమైనవి గుర్తుంటాయి, తప్పినవి మర్చిపోతాం. గడువు మారుస్తూ పోతున్నాడా చూడండి. "నీ విశ్వాసం చాల్లేదు" అని తప్పు మీమీదికే తోశాడా చూడండి.

తర్వాత యూపీఐ లెక్క. పోయిన మూడు నెలలతో పోలిస్తే భయంతో పంపినవి తగ్గాయా? ఎదురింట్లో జ్వరంతో ఉన్న ముసలవ్వకు ఏమైనా ఇచ్చామా, లేక తెలియని నంబర్‌కేనా?

ఆ తర్వాత మీ ఇద్దరు మనుషుల్లో ఒకరిని అడగండి, "నాలో ఏమన్నా మార్పు కనబడుతుందా?" అని. నేను అడిగితే మా ఆవిడ, "అందరి ప్రసంగాలల్ల తప్పులు పట్టుడు ఎక్కువైంది, మనిషి మెత్తవడలే" అంది. ఆ నెల ఎనిమిదో మెట్టు తప్ప మిగతావన్నీ పక్కన పెట్టాను.

నోటుబుక్కు గీతలు కొట్టుకోవడం రానివాళ్ళ కోసం ఈ మెట్లన్నీ ఒక పేజీకి కుదించి, బైబిల్లో పట్టే సైజులో పెట్టాను. షాపుకు వస్తే జిరాక్స్ తీసి ఇస్తాను, పైసలు వద్దు. చదువు రానివాళ్ళుంటే పిల్లలతో చదివించుకోండి, పిల్లలే గట్టిగా ప్రశ్నలు అడుగుతారు.